చిన్నమ్మ మింగేసిన అవ్వో

పోయిన నెల కొత్తూరులో మా చిన్నమ్మను చూడటానికి వెళ్లాను. చిన్నమ్మ అంటే మా అమ్మకు సొంత చెల్లెలు, పేరు అండాలు. ఆమె కొడుకు అక్కడే ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు; హైవేకు కొంచెం లోపలగా రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. నేను వెళ్లేసరికి కోడలు కవిత కుక్కర్లో పప్పు పెట్టి, చాప మీద కూర్చుని నాతో కబుర్లాడుతోంది. ఉన్నట్టుండి కుక్కర్ మూత మీది వాల్వు ఢామ్మని పేలింది. పప్పంతా పైకప్పుకు అంటుకుంది. కవిత "ఓ మై గాడ్" అంది. ఆమె పదేళ్ల కొడుకు "మమ్మీ" అని మంచమెక్కాడు. సిటీలో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసి రిటైరైన నేను "అమ్మో" అని గోడకు అతుక్కుపోయాను. పొయ్యికి అందరికన్నా దగ్గరగా ఉన్నది చిన్నమ్మే. ఆమె గొంతులోంచి ఏమీ రాలేదు. కొంగు అంచు పళ్ల మధ్య పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, మళ్లీ తెరిచి, వంగి గ్యాస్ కట్టేసింది.

"చూసినవా అత్తమ్మా, మా నానమ్మకు భయమంటేనే తెల్వది," అన్నాడు పిల్లవాడు మంచం దిగుతూ. "అవును వదినా," అంది కవిత. "నేనీ ఇంటికొచ్చి ఇన్నేండ్లయింది, ఒక్కసారి గూడ మా అత్తమ్మ 'అవ్వో' అన్నది ఇనలే. మొన్న బాత్రూంల తేలు కనవడ్డా సప్పుడు జెయ్యలే, చెప్పుతోని కొట్టి అవతల పడేసింది." వాళ్లిద్దరూ ఎంతో గొప్పగా చెప్పుకుంటున్నారు. నేను గుడ్డ తీసుకుని నేల తుడవడం మొదలుపెట్టాను. "అయ్యో, మీరెందుకు వదినా" అని కవిత గుడ్డ లాక్కోబోయింది. నేనివ్వలేదు. నా మొహం వాళ్లకు కనబడకుండా ఉండాలంటే ఆ పూటకు నాకున్న దారి అదొక్కటే. వాళ్లు ధైర్యమనుకుంటున్నది ధైర్యం కాదు. ఆ నోరు అలా మూతపడటానికి కారణం నేను. ఈ సంగతి ఇద్దరికే తెలుసు, ఆ ఇద్దరం ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా దాని ఊసెత్తలేదు.

మా ఊరు కొత్వాల్‌గూడకు ఇవతల. విమానం అంటే ఆకాశంలో ఎంతో ఎత్తున తెల్లటి గీత అనుకునే రోజులవి. మా ఇళ్లల్లో అమ్మను అవ్వ, నాన్నను బాపు అనేవాళ్లం, భయమేస్తే అవ్వో అనేవాళ్లం. సిటీలో ఉద్యోగంలో చేరాక, పక్క సీటులోని కోస్తావాళ్లు నవ్వారని నేను దాన్ని తుడిచేసుకుని "అమ్మో" నేర్చుకున్నాను. కానీ అమ్మో అనే మాటకు మా అవ్వో చేసే పనుల్లో సగం కూడా చేతకావు. మా నాయనమ్మ అవ్వోలో అసలు భయమే ఉండేది కాదు. అది మోకాళ్లకు సంబంధించింది. కూర్చుంటే ఒకటి, లేస్తే ఒకటి. పక్కింటి సంగతి చెవిన పడితే ముక్కు మీద వేలేసుకుని "అవ్వో, గట్లనా!" అనేది, అందులో భయం కన్నా సంతోషం ఎక్కువ. మా అమ్మది సగంలో తెగిపోయే అవ్వో. వేడి గిన్నె చెవి పట్టుకుంటే "అవ్" దగ్గరే ఆగిపోయేది, మిగతాది అనుకునే తీరిక ఆమెకుండేది కాదు. బాపు ఇంకా రాడనుకుని పొయ్యి వెలిగించకుండా ఉన్నప్పుడు బయట సైకిల్ స్టాండు చప్పుడు వినిపిస్తే, లోగొంతుకతో ఒకటి అనేది. అది నాకు మాత్రమే వినబడేది.

ఇవన్నీ కాక చేలల్లో ఒక అవ్వో ఉండేది. పొడుగ్గా, చివర పైకి లేచేది. పాము కనబడితేనో, ఎవరైనా బావిలో జారితేనో ఆడవాళ్లు వేసే కేక అది. అది వినబడితే ఎక్కడి వాళ్లు అక్కడ కొడవళ్లు పడేసి పరిగెత్తేవాళ్లు. పడని వాళ్లయినా సరే, మాటలు లేనివాళ్లయినా సరే, పరిగెత్తాల్సిందే. పిల్లలం ఆటల్లో ఆ కేక వేస్తే వీపు పగిలేది. దానితో ఆడుకోకూడదని మాకు నడక వచ్చినప్పటి నుంచీ తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదని చెప్పడానికే ఇంతగా రాస్తున్నాను.

మా చిన్నమ్మకు అన్నింటికీ కలిపి ఒకటే అవ్వో, అదీ చేలల్లోది. బల్లి పడినా అదే, దూడ వెనక నుంచి వచ్చి చెయ్యి నాకినా అదే. చేతిలో ఏది ఉంటే అది ఎగిరి అవతల పడేది. కొన్నాళ్లకు ఊళ్లోవాళ్లు ఆమె కేకకు పరిగెత్తడం మానేశారు. మా ఇంట్లో మాత్రం అది ఒక కాలక్షేపం అయింది. చప్పుడు చేయకుండా వెనక నుంచి వెళ్లి నడుం మీద వేలితో పొడిచేవాళ్లం. ఎప్పుడూ నవ్వని మా బాపు కూడా, అన్నం తిని చేయి కడుక్కుంటూ, ఆమె తలవంచుకుని గిన్నెలు తోముతున్నప్పుడు చెంబెడు నీళ్లు పక్కన గుమ్మరించి "పాము పాము" అనేవాడు. చిన్నమ్మ ఎగిరి పడేది. తర్వాత రొమ్ము మీద మూడుసార్లు తూ తూ అని ఉమ్ముకునేది, గుక్కెడు నీళ్లు తాగేది, మాతో పాటు తానూ నవ్వేది. ఆమె నవ్వుతోంది కాబట్టి ఆమెకూ సరదాగానే ఉందని అనుకునేవాళ్లం. మేం పిల్లలం దడుసుకుంటే నాయనమ్మ చేయి పట్టుకుని దర్గా దాకా నడిపించి, సాయిబుతో మొహం మీద ఊదించి తీసుకొచ్చేది. చిన్నమ్మను ఎవరూ తీసుకుపోలేదు. భర్త కొడుతున్నాడని పెళ్లయిన రెండేళ్లకే వచ్చేసి అక్క ఇంట్లో తిండి తింటున్న మనిషి, బావ వేళాకోళానికి నవ్వక ఏం చేస్తుంది? ఈ ప్రశ్న వేసుకోవడానికి నాకు యాభై ఏళ్లు దాటాల్సి వచ్చింది.

అలాంటి మనిషి కోళ్ల ఫారంలో పనికి కుదిరింది. మాంసం కోసం కోళ్లను పెంచే ఫారాలు అప్పుడప్పుడే మా వైపు వస్తున్నాయి. మా ఊరి బయట సిటీ నుంచి వచ్చిన ఒకాయన రెండు పొడవాటి షెడ్లు వేశాడు. ఆయన్ని అందరూ సారు అనేవాళ్లు. కోళ్లంత పిరికి జాతి ఇంకోటి లేదని ఆ షెడ్లు వచ్చాకే మాకు తెలిసింది. నేల మీద ఊక పరిచి వదిలిన వేల కోళ్లు ఒక్క చప్పుడుకు బెదిరితే అన్నీ కలిసి ఒక మూలకు పరిగెడతాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. కిందివి ఊపిరాడక చచ్చిపోతాయి. అందుకే మూలల్లో ఊక ఎత్తుగా పోసి గుండ్రంగా చేసేవాళ్లు. లోపలికి పోయేముందు బయట నిలబడి మెల్లగా ఒకసారి దగ్గాలి, మనిషి వస్తున్నట్టు వాటికి తెలియాలి. రోజూ ఒకే రంగు బట్ట కట్టుకోవాలి. చిన్నమ్మకు షెడ్డు కోసమని ఒక వెలిసిన నీలం చీర ఉండేది, అది గోడ మీది మేకుకు వేలాడేది. అన్నింటికన్నా మొదటి నియమం, షెడ్డులో ఎవరూ అరవకూడదు. ఎలుక కాలి మీద నుంచి పోయినా సరే.

"నువ్వు పోతే తెల్లారేసరికి ఫారం ఖాళీ," అని బాపు నవ్వాడు. అయినా చిన్నమ్మ పోయింది. మొదటి వారం ఎలా నెగ్గుకొచ్చిందో తెలియదు కానీ, తర్వాత నేను కిటికీ జాలీలోంచి చూశాను. కొంగు అంచు మడిచి పళ్ల మధ్య బిగించి పెట్టుకుని పని చేస్తోంది. దాణా బస్తా జారి పక్కన పడింది. ఒళ్లంతా జలదరించింది, కళ్లు పెద్దవయ్యాయి, మెడ నరాలు లేచాయి, కానీ నోట్లోంచి చిన్న గాలి కూడా రాలేదు. ఆమె కొంగు చివర ఎప్పుడూ నానిపోయి, పళ్ల గాట్లతో ఉండేది. సాయంత్రం ఊక వాసన, దాణాలోని ఎండుచేపల వాసనతో ఇంటికొచ్చేది. నాయనమ్మ వాకిట్లోనే ఆపి "తానం జేసి రా" అనేది. తలంటుకుని తడి జుట్టుతో కూర్చుని, మా ఇంట్లో ఎన్నడూ లేనట్టు, రెండోసారి అన్నం అడిగి పెట్టించుకుని తినేది. షెడ్డు పక్కన ఒక రేకుల గది ఉండేది. ఈ దఫా కోళ్లు అమ్ముడుపోయాక ఆ గది తనకిస్తానని సారు మాటిచ్చాడు. చిన్నమ్మ పనయ్యాక పోయి ఆ గదికి సున్నం వేసుకుంది. "పరీక్షలప్పుడు నువ్వు నా కాడికొచ్చి సదువుకో, ఇక్కడ మీ బాపు రేడియో లొల్లి ఉండదు," అని నాతో చెప్పింది. నేనప్పుడు శంషాబాద్ బడిలో ఏడో తరగతి. తనకంటూ ఒక తలుపు, దానికొక గొళ్లెం ఉంటుందని ఆమె ఎంత సంబరపడిందో నాకు తెలుసు. తెలిసే చేశాను.

బడిలో ఇద్దరు స్నేహితురాళ్లుండేవాళ్లు. కొత్తగా దొరికిన స్నేహం, నిలబెట్టుకోవాలని ఆత్రం. వాళ్లకు నవ్వు తెప్పించడానికి నా దగ్గరున్న సరుకు మా చిన్నమ్మే. ఆమె ఎలా ఎగిరిపడుతుందో, ఎలా అరుస్తుందో, ఎలా ఉమ్ముకుంటుందో నేను చేసి చూపించేదాన్ని. ఒక శనివారం ఒంటిపూట బడి అయ్యాక "నిజంగనే గట్ల ఒర్లుతదా?" అంది ఒకతె. "సూపిస్త రాండ్రి," అన్నాను. దారిలో సైకిల్ షాపు ముందు చిరిగిన ట్యూబు ముక్క ఒకటి దొరికింది. నల్లగా, మూరెడు పొడుగు.

షెడ్డు తలుపు వారగా తెరిచి ఉంది. చిన్నమ్మ లోపల నీళ్ల తొట్లు కడుగుతోంది. కోళ్లు బాగా బలిసి, మంచులా తెల్లగా నేలంతా నిండి ఉన్నాయి. మర్నాడు లారీ రావాల్సి ఉంది. నేను నియమం ప్రకారం మెల్లగా దగ్గాను. ఆమె తలెత్తి నన్ను చూసి నవ్వింది. నవ్వాలంటే పళ్ల మధ్యనున్న కొంగు వదలాలి కదా, వదిలింది. నేను ట్యూబు ముక్కను ఆమె పాదాల మీదికి విసిరి "పాము" అన్నాను.

ఆ అవ్వో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తర్వాత వేల రెక్కల చప్పుడు. షెడ్డంతా ఒక వైపుకు ఒరిగినట్టయింది. చివరి మూలలో తెల్లటి కుప్ప లేచింది, లేస్తూనే ఉంది. చిన్నమ్మ అటు పరిగెత్తి, కుప్పలో పడి, రెండు చేతులతో కోళ్లను లాగి వెనక్కి విసురుతూ "సరోజా, రావే, తియ్యే బిడ్డా, జల్ది తియ్యే" అని పిలిచింది. నేను లోపలికి వెళ్లాను. కోళ్లను తీయడానికి కాదు. నేల మీది ట్యూబు ముక్క తీసుకుని పుస్తకాల సంచిలో దాచుకోవడానికి. స్నేహితురాళ్లు అప్పటికే పరిగెత్తి రోడ్డెక్కారు.

సారు వచ్చేసరికి పనివాళ్లు చచ్చిన కోళ్లను తట్టలతో బయట పోస్తున్నారు. చిన్నమ్మ మోచేతుల దాకా గీరుకుపోయి రక్తం. "ఏమైంది?" అన్నాడు. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పామొచ్చింది సారూ. కాళ్ల మీదికెళ్లి పోయింది. ఒర్లిన," అంది. పనివాళ్లు కర్రలతో ఊకంతా తిరగేశారు. పాము లేదు, పాము పోయిన జాడ కూడా లేదు. సారు చెడ్డవాడు కాదు. నావైపు తిరిగి మెత్తగానే అడిగాడు. "పాపా, నువ్వు ఇక్కడే ఉన్నావు కదా, పామును చూశావా?"

చిన్నమ్మ నన్నే చూస్తోంది. నా సంచిలో ట్యూబు ముక్క ఉంది. నేను బడిలో నేర్చుకున్న మంచి తెలుగులో, చేతులు కట్టుకుని, "నేను చూడలేదు సార్," అన్నాను.

అంతే. దయ్యం పట్టిన మనిషనీ, మూర్ఛ రోగమేమోననీ, మొదటి నుంచీ అనుమానంగానే ఉందనీ పక్కనున్నవాళ్లు తలా ఒక మాట అన్నారు. సారు రేపటి నుంచి రావద్దన్నాడు. ఇంట్లో బాపు "నే చెప్పలే?" అని ఒకటికి పదిసార్లు అన్నాడు. అమ్మ అన్నం మాత్రం మునుపటంతే పెట్టింది. చిన్నమ్మ ఆ రాత్రి రెండోసారి అడగలేదు. నేను నోరు తెరవలేదు. నెల తిరగకుండా చిన్నమ్మ భర్త, మా చిన్నాయన వచ్చాడు. మారిపోయానన్నాడు, మా బాపు నమ్మాడు, నమ్మడం ఆయనకు అవసరం కూడా. చిన్నమ్మను మహేశ్వరం అవతల వాళ్ల ఊరికి పంపించారు. ఆయన మారలేదు. పోయేదాకా, అంటే ఇంకో ఇరవై ఏళ్లు, మారలేదు. మధ్యలో ఎప్పుడు పుట్టింటి పెళ్లిళ్లకు వచ్చినా ఒంటి మీద ఏదో ఒక కమిలిన మచ్చ ఉండేది. మా తమ్ముళ్లు పాత అలవాటు కొద్దీ వెనక నుంచి నడుం పొడిచారు ఒకసారి. చిన్నమ్మ ఒళ్లు అదిరింది. కొంగు పళ్లకు అందుకుంది. చప్పుడు రాలేదు. "థూ, మజా పోయింది," అని వాళ్లు వెళ్లిపోయారు.

ఆ షెడ్లున్న చోటు ఇప్పుడు ఎయిర్‌పోర్టు గోడ లోపల ఎక్కడో ఉంది. ఎక్కడో చెప్పమంటే నేను చెప్పలేను. శంషాబాద్‌లో మా డాబా మీద బట్టలు ఆరేస్తుంటే నిమిషానికొక విమానం ఇళ్లను కదిలించేంత చప్పుడుతో దిగుతుంది, ఎవరూ తలెత్తి కూడా చూడరు. ఆమధ్య బంధువులను ఎక్కించడానికి వెళ్లినప్పుడు, పల్లెటూరి పెద్దావిడ ఒకామె కదిలే మెట్ల ముందు నిలబడి కాలు పెట్టలేక "అవ్వో, నాతోని గాదు" అంటోంది. వెంటున్న కూతురు చుట్టూ చూసి, "సప్పుడు జెయ్యకే, అందరు జూస్తున్నరు" అని గదమాయించింది. ఆ పిల్లను పట్టుకుని, అరవనీయమ్మా, నీ సొమ్మేం పోయింది, అని చెప్పాలనిపించింది. చెప్పడానికి నేనెవరిని? అప్పట్లో మా ఇళ్లల్లో భయపడిన ఆడదాన్ని చూసి నవ్వేవాళ్లం, ఇప్పుడు సిగ్గుపడుతున్నాం. ఏది నయమో నాకు తెలియదు. రెండూ చేసినదాన్ని నేను.

ఆ రోజు కొత్తూరులో భోజనాలయ్యాక కవిత పిల్లవాణ్ణి ట్యూషన్‌కు తీసుకెళ్లింది. చిన్నమ్మ వసారాలో కూర్చుని చింతపండులోంచి గింజలు తీస్తోంది. నేను ఎదురుగా కూర్చున్నాను. సిటీలో ఎంతమంది ఆఫీసర్ల ముందు నిలబడి మాట్లాడానో, అదేమీ పనికిరాలేదు.

"చిన్నమ్మా, ఆ దినం షెడ్డు కాడ తప్పు నాదే. నేనే ఇసిరిన్నని సారుకు చెప్పాలె ఉండె," అన్నాను.

ఆమె చేతులు ఆగలేదు.

"అది నేనడగలే బిడ్డా," అంది. "పిల్లవు. దెబ్బలు పడ్తయని భయమైంది, ఎట్ల చెప్తవ్? నాకు భయమంటే ఏందో ఎరుకలేదా?"

నేను ఏడుస్తున్నాను. ఆమె నన్ను ఏడవనిచ్చింది.

"నీ మీదికి రావొద్దనే పామని చెప్పిన. పామును జూసి ఒర్లితే ఎవ్వలేమంటరు? సారు గూడ ఒర్లుతడు. ఆయన నిన్నడిగిండు. నువ్వు 'జూసిన సార్' అంటే అయిపోతుండె గదనే. ఒక్క మాట. గంతే అడిగిన నీ మొకం జూసుకుంట."

ఇన్నేళ్లూ నా నేరం నిజం చెప్పకపోవడమని అనుకుంటూ, దానికి చిన్నతనమని సర్దిచెప్పుకుంటూ వచ్చాను. ఆమె నా దగ్గర కోరింది నిజం కాదు. నా కోసం ఆమె ఆడిన అబద్ధానికి పక్కన నిలబడమని. నేను నిలబడలేదు. బుద్ధిమంతురాలిలా చేతులు కట్టుకుని, నిజమే చెప్పాను.

"క్షమించు చిన్నమ్మా," అన్నాను.

ఆమె చింతపండు కుప్పలో సగం నావైపు జరిపి, "పొద్దువోతుంది, తియ్యి," అంది.